శరత్‌బాబూ, మా ఇంటి ఆడవాళ్ళూ

మా పెద్దమ్మకు పరాయి మగవాళ్ళలో ఇద్దరంటేనే గౌరవం ఉండేది. ఒకరు మా వూరి ఆయుర్వేదం వైద్యుడుగారు. రెండవవారు శరత్‌బాబు. ఈ రెండో ఆయన ఏ వూరివారో ఆవిడకు చాలాకాలం తెలియదు. తెనాలివైపు వారని అనుకునేది. పుస్తకం అట్టమీద చక్రపాణిగారి పేరు కూడా ఉండేది గనుక, ఇద్దరూ అన్నదమ్ములై ఉంటారని ఆవిడ ఊహ. శరత్‌బాబు బెంగాలీవాడనీ, 1938లోనే పోయాడనీ నేను హైస్కూల్లో చదివే రోజుల్లో చెప్పాను. పెద్దమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతున్న చెయ్యి ఆపి, "మరి మన ఇళ్ళల్లో సంగతులు ఆయనకెవరు చెప్పార్రా?" అంది.

ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమే అనుకోండి.

మాది తిరువూరు. అప్పుడు కృష్ణాజిల్లాలో తాలూకా కేంద్రం, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లా. చుట్టూ మామిడితోటలు, నాలుగడుగులు వేస్తే అవతల ఖమ్మం జిల్లా. పుస్తకమైనా, పట్టుచీరైనా, పంటినొప్పికి మందైనా బెజవాడ బస్సు దిగి రావలసిందే. 1955 ప్రాంతాల్లో మా ఇంట్లో చదువు వచ్చిన ఆడవాళ్ళు నలుగురు. నలుగురికీ కలిపి పుస్తకాలు తెచ్చే జీతంలేని నౌకరు ఒకడు, వాడికి తొమ్మిదేళ్ళు, వాడే నేను. లైబ్రరీకి ఆడవాళ్ళు వెళ్ళే ఆచారం లేదు. నేను వెళ్ళి "శరత్‌ది ఇవ్వండి" అని అడిగితే, లైబ్రరీ ఆయన "ఏడవడానికా?" అని నవ్వి ఇచ్చేవారు. ఆ పుస్తకాల అంచులకు పసుపు మరకలు, నూనె మరకలు. ఏ ఇంటికి వెళ్ళి వచ్చిందో వాసన చూసి చెప్పవచ్చు.

శరత్ నవలలు ఆడవాళ్ళకు ఇష్టమని ఆ కాలంలో అందరూ ఒప్పుకునేవారు. ఎందుకని అడిగితే మాత్రం మగవాళ్ళందరిదీ ఒకటే జవాబు: ఆడవాళ్ళకు ఏడుపంటే ఇష్టం గనుక! మా నాన్న కూడా అదే అనేవారు. ఆయన 'పథేర్ దాబీ' ఒక్కటే గొప్ప నవల అనీ, మిగిలినవన్నీ వంటింటి గొడవలనీ తేల్చేశారు. ఆ పుస్తకం 1926లో వెలువడితే తెల్లదొరతనం దాన్ని నిషేధించింది. కనుక మగవాడు చేతపట్టుకుని వీధి అరుగుమీద కూర్చున్నా పరువు పోదు మరి.

నాన్నగారి మాటలో రెండో సగం నిజమే. అవి వంటింటి గొడవలే. అయితే వంటింటి గొడవను గొడవగా ఎంచి, అందులో ధర్మం ఎక్కడుంది, అధర్మం ఎక్కడుంది అని తూచి చూసిన మగవాడు అంతకుముందు ఎవరున్నారు? 'నిష్కృతి' తీసుకోండి. ముగ్గురు తోడికోడళ్ళు. పెద్దామె సిద్ధేశ్వరి మెత్తనిది, ఎవరు చెవి దగ్గర కూర్చుంటే వారి మాట వింటుంది. చిన్నామె శైలజ ఇల్లంతా ఒంటిచేత్తో నడుపుతుంది. అందువల్లే కాస్త బిరుసు. ఇద్దరి మధ్యకు రెండో తోడికోడలు వచ్చి చేరుతుంది. డబ్బుపెట్టె తాళంచెవి ఎవరి కొంగున ఉండాలి, ఎవరి పిల్లలు ఎవరి పక్కన పడుకోవాలి అన్నంత చిన్న సంగతులమీద కాపురం రెండు ముక్కలవుతుంది. చివరికి, ఏమీ పట్టనట్టు ఉండే పెద్దాయన గిరీశ్ దావా తేల్చుకు వస్తానని పల్లెకు వెళ్ళి, ఆస్తి అంతా ఆ వెళ్ళగొట్టబడిన శైలజ పేరనే రాసి వస్తాడు!

ఇందులో చావులు లేవు, ప్రేమలు లేవు. మా అమ్మ దీన్ని ఆరుసార్లు చదివింది. 1957లో ఇదే కథ 'తోడికోడళ్ళు' సినిమాగా వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని వెళ్ళాం. కన్నాంబ, సావిత్రి, సూర్యకాంతం. తిరిగి వచ్చేటప్పుడు మా అమ్మా, మా పిన్నీ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఎవరు సూర్యకాంతమో ఇద్దరికీ చెరో అభిప్రాయం ఉంది కాబోలు.

ఏడుపే కారణమైతే హరిశ్చంద్ర నాటకం చాలు. శరత్ దగ్గర ఆడవాళ్ళు పొందింది వేరు. తమ రోజంతా ఎక్కడ గడుస్తుందో అక్కడే కథ జరగడం. ఆయన నవలల్లో ప్రేమ మాటల్లో ఉండదు, కంచం దగ్గర ఉంటుంది. ఎదుట కూర్చుని విసనకర్రతో విసురుతూ, ఇంకొంచెం తినమని బలవంతం చేసే చెయ్యి కనిపిస్తే, ఆ మనిషి మనసు పాఠకురాలికి తెలిసిపోతుంది. అలిగి అన్నం మానేస్తే అది యుద్ధప్రకటన. 'బిందుగారబ్బాయి'లో బిందు మూర్ఛరోగి. తోడికోడలు తన కొడుకును తెచ్చి ఆమె ఒడిలో పడేస్తే మూర్ఛ ఆగిపోతుంది. అప్పటినుంచీ ఆ పిల్లవాడు బిందు కొడుకే. కన్నతల్లి అన్నపూర్ణ ఇచ్చింది ఇచ్చినట్టే ఉండి, ఎప్పుడో ఒక మాట తూలుతుంది. ఆ మాటకు ఇల్లు రెండవుతుంది, బిందు అన్నం నీళ్ళు మానేస్తుంది. మగవాడికి ఇది పిచ్చిపట్టుదల. కాని పెంచిన ప్రేమకు హక్కు ఉందా లేదా అన్న ప్రశ్న మన ఉమ్మడి కుటుంబాలలో ప్రతి తరంలోనూ ఒక ఆడదాని గుండెలో నలిగింది. 1956లో దీన్నే 'ముద్దుబిడ్డ' అని సినిమా తీశారు.

ఇన్ని ఇళ్ళల్లో సంగతులు ఆయనకెలా తెలుసు? పెద్దమ్మ ప్రశ్న ఇదే కదా. శరత్ చంద్ర చటోపాధ్యాయ 1876లో హుగ్లీ జిల్లా దేవానందపురంలో పుట్టాడు. తండ్రి ఏ ఉద్యోగంలోనూ నిలవని మనిషి. బాల్యం చాలావరకు భాగల్పూరులో మేనమామల ఇంట గడిచింది. పరాయి పంచన పెరిగే కుర్రవాడికి తెలిసినంతగా ఇంటి రాజకీయాలు సొంత ఇంట పెరిగేవాడికి తెలియవని నా అనుమానం. అన్నం వడ్డించే చేతిని బట్టి ఆ పూట తన స్థానమేమిటో వాడు పోల్చుకోవాలి. తరువాత 1903లో రంగూన్ వెళ్ళి గుమాస్తాగిరీ చేశాడు. 1916లో తిరిగి వచ్చేనాటికే పేరు మారుమోగుతోంది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. స్త్రీకి సంఘం కట్టిన వెల ఏమిటని నిలదీస్తూ ఆయన 'నారీర్ మూల్య' అనే పెద్ద వ్యాసం రాశాడు. అది పత్రికలో అచ్చయినప్పుడు కింద ఉన్న పేరు అనిలాదేవి. అది ఆయన అక్కగారి పేరు. మన దేశంలో ఇదొక వింత. 1960, 70లలో తెలుగు వారపత్రికలు రచయిత్రుల సీరియల్స్‌తో వెలిగిపోతున్నప్పుడు, మన రచయితలు కొందరు కూడా ఆడపేర్లు పెట్టుకున్నారు. వారిది గిరాకీ కోసం, శరత్‌ది మరెందుకో. ఇంగ్లండులో నడక తలకిందులు. షార్లట్ బ్రాంటీ 1847లో 'జేన్ ఎయిర్' అచ్చువేయిస్తూ కరర్ బెల్ అని మగవాడిలా తోచే పేరు చాటున దాక్కుంది.

తెలుగు ఇళ్ళల్లోకి శరత్ రావడానికి ఒక రోగం సాయపడింది. తెనాలి చక్రపాణిగారు క్షయకు చికిత్స కోసం మదనపల్లె శానిటోరియంలో ఉంటూ, అక్కడ తోటి రోగి దగ్గర బెంగాలీ నేర్చుకున్నారు. తరువాత చందమామకూ, విజయా సినిమాలకూ పేరుపడ్డ చక్రపాణిగారు ఈయనే. ఆయన వాక్యం చూడండి, ఎక్కడా అనువాదం వాసన ఉండదు. పేర్లు మాత్రం బెంగాలీవి, మాటలు మన కృష్ణాతీరానివి. బొందలపాటి శివరామకృష్ణగారు కూడా శరత్ సాహిత్యాన్ని విస్తారంగా తెనిగించారు. పెద్దమ్మ ఆయన్ని తెనాలివాడనుకోవడంలో తప్పేముంది? మా వీధిలోనే ఒక శరత్‌బాబు, ఇద్దరు శ్రీకాంత్‌లు పుట్టారు.

ఇక్కడొక చిక్కు ప్రశ్న ఉంది. ఆడదాని పక్షాన శరత్ కంటే గట్టిగా అరిచినవాడు మన భాషలోనే ఉన్నాడు కదా? చలం 'మైదానం' 1927లో రాశాడు. రాజేశ్వరి గడప దాటి అమీర్‌తో వెళ్ళిపోతుంది. మరి మా ఇంట్లో చలం పుస్తకం ఎందుకు రాలేదు? వచ్చింది, నాకు తరువాత తెలిసింది. మా పిన్ని కందిపప్పు డబ్బాలో దాచి చదివింది. చదివి, "నిజమే చెప్పాడు, కాని వెళ్ళి ఎక్కడుండాలి?" అందట. శరత్ స్త్రీలు మనసులో గడప దాటుతారు, కాళ్ళు లోపలే ఉంటాయి. అందువల్ల ఆయన పుస్తకాన్ని మామగారి ఎదుట కూడా చదువుకోవచ్చు. ఇది ఆయన బలమో బలహీనతో నేను తేల్చలేను. మా ఇంట్లో ఈ విషయంమీద ఇప్పటికీ రెండు పక్షాలున్నాయి.

ఎదుటి పక్షానికి నాయకురాలు నా భార్య. ఆవిడది గుడివాడ వైపు, పెళ్ళయి 1970లో మా ఇంటికి వచ్చింది. వచ్చిన నెలకే పెద్దమ్మ ఆవిడ చేతిలో 'బడదీది' పెట్టింది. మర్నాడు తిరిగి ఇస్తూ, "ఆ సురేంద్రకు అన్నం తినడం కూడా ఎవరో గుర్తుచెయ్యాలా అత్తయ్యగారూ?" అని అడిగింది. నిజం చెప్పాలంటే శరత్ నాయకుల్లో సగంమంది ఇంతే. సురేంద్రకు తన వస్తువు తనకు దొరకదు. మాధవి తెరచాటునుంచే అతని అవసరాలన్నీ చూస్తుంది. ఆమె వితంతువు, అతడు ఆమె చెల్లెలికి చదువు చెప్పే పంతులు. దేవదాసు సంగతి చెప్పనే అక్కర్లేదు. 1953లో అక్కినేని నటించాక అతన్ని విమర్శించే ధైర్యం తెలుగుదేశంలో ఎవరికీ లేకుండా పోయింది. నా భార్యకు ఉంది. "పార్వతి అర్ధరాత్రి అతని గదికి వచ్చి అడిగింది. ఆవిడకున్న ధైర్యంలో పావలా వంతు అతనికుంటే కథ పది పేజీల్లో అయిపోయేది" అంటుంది.

ఆవిడ దేవత యద్దనపూడి సులోచనారాణిగారు. ఆమెదీ కృష్ణాజిల్లానే, కాజ గ్రామం. 'సెక్రటరీ' నవలలో జయంతి ఉద్యోగం చేసుకుంటుంది, రాజశేఖరం అంతటివాడు ఎదుట నిలిచినా తలవంచదు. కారున్న నాయకుడు దిగివచ్చి ఆత్మాభిమానం గల మధ్యతరగతి పిల్లను వెతుక్కోవడం 1960లలో మన ఆడపిల్లలకు కొత్త కల. పెద్దమ్మ ఆ నవలను శ్రద్ధగా చదివి, "బాగుందమ్మా, కాని ఇటువంటివాడు తిరువూరు బస్సులో ఎప్పుడూ దిగలేదు" అంది. నా భార్య ఊరుకోలేదు. "సురేంద్రలాంటివాళ్ళు మాత్రం ప్రతి బస్సులోనూ దిగుతారు" అంది. నేను ఆ సమయంలో కళ్ళజోడు కనపడక వెతుక్కుంటున్నాను.

ఈ అత్తాకోడళ్ళిద్దరినీ ఒక చాపమీద కూర్చోబెట్టినవారు మాలతీ చందూర్‌గారు. మా పక్కనున్న నూజివీడులో పుట్టిన మనిషి. 1952 నుంచి ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' నడిపారు. వంటల దగ్గరనుంచి మనోవేదనల దాకా ఆడవాళ్ళు ఆమెకు రాసుకున్నారు. స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' పేరుతో ఇంగ్లీషు నవలలనూ, ఇంగ్లీషులోకి వచ్చిన పరదేశ నవలలనూ ఒక్కొక్కటిగా తెలుగులో చెప్పుకొచ్చారు. ఇంగ్లీషు రాని గృహిణికి టాల్‌స్టాయ్, హార్డీ ఇంటిపేర్లతో సహా పరిచయమయ్యారంటే ఆమె చలవే. జేన్ ఆస్టిన్ కథ మా వంటింట్లో చర్చకు వచ్చింది ఆ పుణ్యమే.

'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' 1813 నాటిది. బెన్నెట్‌గారికి ఐదుగురు ఆడపిల్లలు, మగపిల్లవాడు లేడు. ఆ ఆస్తికి కట్టిన షరతు ప్రకారం తండ్రి పోగానే ఇల్లూ భూమీ దూరపు దాయాది కాలిన్స్‌కు పోతాయి. తల్లి పెళ్ళిళ్ళ కోసం పడే ఆరాటాన్ని చూసి చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. మా పెద్దమ్మ నవ్వలేదు. "ఐదుగురు పిల్లలమ్మా! ఆ మహాతల్లికి నిద్ర ఎట్లా పడుతుంది?" అంది. నూరేళ్ళుగా పండితులు రాసిన వ్యాఖ్యానాలలో మిసెస్ బెన్నెట్ పక్షం వహించినవారు తక్కువ. తిరువూరులో ఒకరున్నారు.

జేన్ ఆస్టిన్ ఆడవాళ్ళ రచయిత్రి మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. కిప్లింగ్ 1924లో ఒక కథ రాశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగిదళం సిపాయిలు ఆమె నవలలు చదివి, అదొక రహస్యసంఘంలాగా ఆ పేర్లతో గుర్తులు పెట్టుకుంటారు. అంటే, తన చేతిలో ఏమీ లేని మనిషి, ఇతరుల నిర్ణయం కోసం కాచుకుని కూర్చునే మనిషి, ఆడదైనా సిపాయి అయినా ఆ రచన దగ్గరకు చేరతాడన్నమాట. శరత్‌కూ ఆస్టిన్‌కూ పోలిక ఇక్కడే ఉందని నాకు తోస్తుంది. ఇద్దరి నవలల్లోనూ ఆడది ఎవరికి దక్కుతుందన్నది పైకథ. ఆమె ఎక్కడ ఉండాలి, ఎవరి అన్నం తినాలి అన్నది లోపలి కథ. ఆస్టిన్ నవ్వుతూ అడుగుతుంది, శరత్ కన్నీళ్ళతో అడుగుతాడు. ఆ లోపలి కథ చదవడం ఆస్తిపాస్తులున్న మగవాడికి సహజంగా రాదు. నాకూ యాభై దాటాకగాని రాలేదు.

మా అమ్మాయి ఈ మాట వినీ వినకముందే, "నాన్నా, అందుకే చట్టం కావాలి, నవల కాదు" అంటుంది. హైదరాబాదులో ఉద్యోగం, కారు నడుపుతూ నవలలు చెవిలో వింటుంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమానవాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన చట్టం, 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణ ఆమెకు కంఠస్థం. శరత్ అంటే నచ్చదా అంటే, నచ్చుతాడు. 'పరిణీత'లో లలిత శేఖర్ బీరువా తాళాలు తన దగ్గర పెట్టుకుని, కావలసినప్పుడు డబ్బు తీసుకోవడం చాలా ఇష్టం. "అడగకుండా తీసుకుంటుంది చూశావా!" అంటుంది. ముగ్గురు ఆడవాళ్ళు ఒకే రచయితలో మూడు వేర్వేరు చోట్ల గుర్తు పెట్టుకున్నారు. కంచం దగ్గర మా అమ్మ, బీరువా దగ్గర మా అమ్మాయి.

పెద్దమ్మ గుర్తు మాత్రం 'పల్లీయ సమాజం'లో ఉండేది.

ఆవిడ పదిహేడో ఏట భర్త పోయి పుట్టింటికి తిరిగి వచ్చింది. 1942లో. నేను ఎరిగేనాటికి ఆ ఇంటికి ఆవిడే ఇరుసు. ఊరగాయ జాడీలు, పురుళ్ళు, మా అందరి జ్వరాలు ఆవిడవే. 'పల్లీయ సమాజం'లో రమ కూడా వితంతువు. రమేశ్, ఆమె చిన్ననాటినుంచీ ఒకరినొకరు ఎరుగుదురు. ఊరి కక్షలు ఇద్దరినీ ఎదురెదురు పక్షాలలో నిలబెడతాయి. అతన్ని జైలుకు పంపే సాక్ష్యం కూడా ఆమె నోటే వస్తుంది. చివరకు రమ జబ్బుపడి, తమ్ముణ్ణి రమేశ్ చేతుల్లో పెట్టి, విశ్వేశ్వరితో కలిసి కాశీ వెళ్ళిపోతుంది. వాళ్ళిద్దరికీ పెళ్ళి ఎందుకు చెయ్యలేదని శరత్‌ను ఆనాడే చాలామంది నిందించారు. నేనూ కాలేజీ వేడిలో పెద్దమ్మ దగ్గర అదే వాదన పెట్టాను: వితంతువులమీద ఇంత జాలి ఉన్నవాడు ఒక్క పెళ్ళి జరిపిస్తే ఏం పోయింది? పిరికివాడు కాదూ?

పెద్దమ్మ కాసేపు ఊరుకుని, "పెళ్ళి చేస్తే నేను నమ్మేదాన్ని కాదు నాయనా. ఎక్కడా జరగనిది రాసి నన్ను మభ్యపెట్టలేదు. అందుకే ఆయన మాట నమ్ముతాను" అంది.

విమర్శకులెవరూ ఇంత సూటిగా చెప్పినట్టు నేను చదవలేదు. ఆ మాట చాలా ఏళ్ళు అందరికీ చెప్పుకుని గర్వపడ్డాను కూడా.

తరువాత 1981 వచ్చింది. వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించి ఆ డిసెంబరు 11కు నూరేళ్ళు నిండాయి. ఆ సందర్భంలో నేను కొంత చదివాను. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు గౌరమ్మ, పన్నెండేళ్ళ పిల్ల. ఏ వూరి పిల్లో చూద్దును కదా, కృష్ణాజిల్లా తిరువూరు తాలూకా అని ఉంది! పెద్ద వింత కనిపెట్టినవాడిలా ఇంటికి వచ్చి పెద్దమ్మకు చెప్పాను. అప్పటికి ఆవిడకు యాభై ఆరేళ్ళు. వసారాలో దీపపు వత్తులు చేసుకుంటోంది.

"మన తాలూకాయేనా?" అంది.

"మన తాలూకాయే."

"ఎన్నేళ్ళయింది?"

"నూరేళ్ళు."

వత్తులు పక్కన పెట్టి వేళ్ళమీద లెక్క వేసుకుంది. "అంటే మీ తాతగారు పుట్టకముందే జరిగిందన్నమాట. ఆ పిల్ల సంగతి ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసే ఉంటుంది కదా. మరి నాకెవ్వరూ చెప్పలేదేం?"

నేను నోరు మెదపలేదు. కాసేపటికి ఆవిడే మళ్ళీ, సీరియల్ తరువాయి భాగం అడిగినట్టు అడిగింది. "ఆ తరువాత ఏమయిందిరా? వాళ్ళు బాగా ఉన్నారా? పిల్లలు పుట్టారా?"